ఎద్దును మన్నులో పెట్టడానికి వచ్చే జేసీబీ జట్టు: పని మర్యాదగా ఉంది, లోతు మాత్రం దగ్గరుండి కొలిపించండి

శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస, పొందూరు చుట్టుపక్కల ముసలి ఎద్దో పాడావో కాలం చేస్తే ఇప్పుడు చాలామంది జేసీబీకే ఫోన్ చేస్తున్నారు. ఈ సమీక్ష అటువైపు తిరిగే ఒక జట్టు గురించి. ఒక బండి, డ్రైవరు, ఇద్దరు మనుషులు. ఏళ్ళ తరబడి మన నాగలి లాగిన జీవాన్ని కాళ్ళకి గొలుసు కట్టి ఈడ్చుకుపోవడం చూడలేం. వీళ్ళు ఈడ్వరు. వీళ్ళని పిలవడానికి ఆ ఒక్క కారణం చాలు.

వెడల్పాటి బెల్టులు రెండు తెస్తారు. ఒకటి ముంగాళ్ళ వెనక రొమ్ము కింద, రెండోది వెనక కాళ్ళ ముందు పొట్ట కింద వేసి పైకి లేపుతారు. లేచేటప్పుడు తల వేలాడిపోతుంది, కొమ్ము నేలకి కొట్టుకుంటుంది. అందుకని ఒక మనిషి గెడ్డం కింద గోనెసంచి మడతపెట్టి, తలని రెండు చేతులా పట్టుకుని గోతి గట్టు దాకా పక్కనే నడుస్తాడు. దించాక డ్రైవరు ఇంజను ఆపేస్తాడు. ఇంటివాళ్ళు పసుపు కుంకుమ చల్లి, కొత్త గుడ్డ కప్పే దాకా తొందర పెట్టడు.

వాళ్ళు వచ్చేలోపు ఇంటివాళ్ళు చేసుకోవాల్సినవి ఉన్నాయి. మెడ గంటలు, కొమ్ము కుప్పెలు తీసేయాలి. ముక్కుతాడు లాగకూడదు, కోసి తీయాలి. అన్నిటికంటే ముందు కాళ్ళు మడవాలి. ప్రాణం పోయిన కొన్ని గంటల్లో ఒళ్ళు కట్టెబారుతుంది, ఎండాకాలం ఇంకా తొందరగా. కాళ్ళు చాపుకుని బిగుసుకుపోతే గొయ్యి మరో రెండడుగులు వెడల్పు కావాలి. అలాంటప్పుడు కాళ్ళు విరిచేద్దామని అడుగుతారు. ఒప్పుకోవద్దు, వెడల్పు తవ్వించండి.

ఇక లోటు. ఎద్దుకి 8 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు, 7 అడుగుల లోతు కావాలి. ఈ జట్టు 5 అడుగుల దగ్గరే బకెట్టు ఆపేస్తుంది. గెడకర్రకి 7 అడుగుల దగ్గర గుర్తు పెట్టి దించి చూడండి, మనిషి మాత్రం గోతిలోకి దిగొద్దు. పైన మన్ను తక్కువైతే పొట్టలో గ్యాసు పట్టి నేల బీటలిస్తుంది, ఆ వాసనకి కుక్కలూ నక్కలూ తోడేస్తాయి. పూడ్చాక మట్టి ఒకటిన్నర అడుగు ఎత్తుగా కుప్ప పోయించి, తుమ్మకంప పరిపించండి. వానలకి ఆ కుప్ప దిగి నేలతో సమానమవుతుంది. సున్నం బస్తాలు బిల్లులో కలుపుతారు. ఎక్కువ వద్దు, సున్నం పడితే కుళ్ళడం ఆలస్యమవుతుంది.

చోటు మెట్టగా ఉండాలి. నూతికి, గెడ్డకి (వాగుకి), బందకి (చెరువుకి) దూరంగా ఉండాలి. వంశధార కాలువ కింది పల్లాల్లో వానాకాలం కొద్ది లోతుకే నీరు ఊరుతుంది. ఊరితే అక్కడ ఆపి వేరే చోట తవ్వించాల్సిందే. ఉద్దానం ఇసుక నేలల్లో గోతి గోడలు జారిపోతాయి, వాలుగా తవ్వాలి. ఈ జట్టుకి ఆ అలవాటు లేదు, కవిటి, సోంపేట వాళ్ళు అక్కడి బండినే పిలుచుకోవడం మేలు.

జబ్బు అనుమానం దగ్గర వీళ్ళ జాగ్రత్త మెచ్చుకోవాలి. నిన్నటి దాకా బాగున్న జీవం ఉన్నట్టుండి పడిపోయి, ముక్కు నుంచో వెనక నుంచో గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంటే అది దొమ్మ (ఆంత్రాక్స్) కావచ్చు. అప్పుడు పశువైద్యుడు చూసే దాకా బెల్టు కూడా వేయరు. కోయకూడదు, తోలు తీయకూడదు, చేత్తో ముట్టకూడదు. పశువుల అంబులెన్సు నంబరు 1962కి గానీ దగ్గరి పశువుల ఆసుపత్రికి గానీ చెప్పండి.

బీమా ఉంటే కంపెనీకి కబురు చేయకుండా, డాక్టరు చూడకుండా మన్ను వేయించొద్దు. బీమా కోసం చెవికి వేసిన నంబరు పోగు కనిపించేలా ఫొటోలు తీసి, ఆ పోగు దాచాలి. పోగు లేకపోతే క్లెయిము నిలవదు.

కొందరు ఇంకా బీడులో పడేసి వస్తున్నారు. పశువులకి వాడిన డైక్లోఫినాక్ అనే నొప్పుల మందు వల్లే, ఆ మందు పడిన కళేబరాలు తిని దేశంలో రాబందులు కుప్పకూలాయి. 2006లో పశువులకి ఆ మందు నిషేధించారు. ఆఖరి రోజుల్లో మందులు పడిన ఒంటిని పిట్టలకీ కుక్కలకీ వదలకూడదు.

కిరాయి గంట లెక్క. బండి బయలుదేరిన దగ్గర్నుంచి మీటరు తిరుగుతుంది, అరగంట పనైనా గంటకే కట్టాలి. రానుపోను ఎంతో ఫోన్లోనే తేల్చుకోండి. గుర్తుగా కొబ్బరి మొక్క వేయాలనుకుంటే గోతి మీద కాదు, మన్ను దిగాక వచ్చే ఏడాది వానల్లో, ఆరడుగుల పక్కగా వేయండి.