కోఠిలో ఆంప్లిఫైయర్ కొంటున్నారా? మూడు పిన్నుల ప్లగ్గు చూసి నమ్మకండి

హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో గానీ ఇంకెక్కడైనా గానీ, అక్కడికక్కడే బిగించి అమ్మే ఆంప్లిఫైయర్లు, హోమ్ థియేటర్లు కొనబోయేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. సౌండ్ ఎలా ఉందన్నది తర్వాత సంగతి. ముందు ఆ ఇనుప డబ్బాకు ఎర్తింగ్ ఉందో లేదో చూసుకోండి. మాకు అంటగట్టినదానికి లేదు. గల్లీలో అన్ని షాపులూ ఇంతేనని అనను, నిక్కచ్చిగా పనిచేసేవాళ్లూ ఉన్నారు. కానీ పైకి చూస్తే రెండు రకాల సరుకూ ఒకేలా ఉంటుంది, గొడవంతా అక్కడే.

ఇంటికి తెచ్చిన కొత్తలోనే ముందున్న స్టీలు వాల్యూమ్ నాబ్ ముట్టుకుంటే వేళ్లు చిమచిమలాడేవి. షాపుకు ఫోన్ చేస్తే "మీ ఇంట్ల ఎర్తింగ్ మంచిగ లేదన్నా, ప్లగ్గు తిప్పి పెట్టు, పోతది" అన్నాడు. మూడు పిన్నుల ప్లగ్గును తిప్పి ఎలా పెడతారో ఆయనకే తెలియాలి! తర్వాత ఒకరోజు ఇల్లు కడిగిన తడి కాళ్లతోనే మా అమ్మ దాని మీద దుమ్ము తుడవబోయింది. కెవ్వుమని చేయి విదిలించుకుని సోఫాలో కూలబడింది. చేయి అతుక్కోలేదు కాబట్టి సరిపోయింది.

మా గల్లీ ఎలక్ట్రీషియన్ వచ్చి మొదట ప్లగ్గు విప్పాడు. పిన్నులు మూడూ ఉన్నాయి గానీ లోపలికి వచ్చిన వైరు మాత్రం రెండు కోర్‌లదే, అంటే లోపల రెండే తీగలు, ఎర్త్ తీగ లేదు. పైనున్న లావు పిన్ను స్క్రూకి ఏ వైరూ లేదు, ఒక్కసారి కూడా బిగించని స్క్రూ తళతళలాడుతోంది. అంటే ఆ పిన్ను ఉత్త అలంకారం. ఆ తర్వాత డబ్బా మూత తీశాడు. వెనక రేకుకు రంధ్రం చేసి అందులోంచి కరెంటు వైరు దూర్చారు, రంధ్రం అంచుకు రబ్బరు బుష్ పెట్టలేదు. రేకు అంచు ఒరుసుకుని వైరు తొడుగు తెగింది, లోపలి రాగి కనబడుతోంది. ఫ్యూజ్ హోల్డర్‌లో గాజు ఫ్యూజ్ బదులు రాగి పోగు మెలిపెట్టి ఉంది. హోల్డర్ పక్కన మాత్రం 2 ఆంపియర్లు అని శుభ్రంగా అచ్చు వేశారు.

ఎర్తింగ్ సరిగ్గా ఉండి ఉంటే ఆ ఫేజ్ వైరు (కరెంటు వచ్చేది) రేకును తాకగానే కరెంటు ఎర్త్ వైరులోకి దూకేది, ఫ్యూజ్ కాలేది, లేదా ఇంట్లో ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే ఆగిపోయే స్విచ్) పడిపోయేది. సామాను ఆగిపోతుంది, మనిషికి ఏమీ కాదు. ఎర్త్ లేకపోతే డబ్బా మొత్తం 230 వోల్టులతో అలా కాచుక్కూర్చుంటుంది, ఎవరో ఒకరు ముట్టుకునేదాకా.

ఇంకో తమాషా. ముందు స్టిక్కర్ మీద 1000 వాట్లు అని పెద్ద అక్షరాలు. లోపలి ట్రాన్స్‌ఫార్మర్ మీద 12-0-12, 5 ఆంపియర్లు అని ఉంది. రెండు చివర్ల మధ్య 24 వోల్టులు, దాన్ని 5తో గుణించండి, 120 వాట్లు. లోపలికి అంతే వచ్చేచోట బయటికి 1000 ఎక్కణ్నుంచి వస్తుంది? పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠం పేరుతో పెంచి రాసే వాట్లు) అని కనబడితే ఆ అంకెను పూర్తిగా మర్చిపోండి, ఆర్ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగలిగే అసలు వాట్లు) ఎంతో అడగండి.

కొనేముందు చేయాల్సిన పరీక్ష చాలా చిన్నది. ఆ గల్లీలో మల్టీమీటర్ లేని షాపే ఉండదు. ప్లగ్గు బోర్డులో పెట్టకుండానే, మీటర్‌ను బజర్ మోడ్‌లో పెట్టి, ఒక ప్రోబ్ ప్లగ్గు లావు పిన్ను మీద, రెండోది డబ్బా వెనక రంగు లేని స్క్రూ మీద పెట్టమనండి. బీప్ అనాలి. అనకపోతే సామాను అక్కడే వదిలేసి వచ్చేయండి. "చెక్ చేసే పంపిస్తం సార్" అంటే మీ ముందే మళ్లీ చేయమనండి, నామోషీ ఏం లేదు. రెండు పిన్నులవన్నీ చెడ్డవని కాదు. డబుల్ ఇన్సులేషన్ ఉన్నవాటికి చతురస్రంలో ఇంకో చతురస్రం గుర్తు ఉంటుంది, వాటికి ఎర్త్ అక్కర్లేదు. ఆ గుర్తు లేని ఇనుప డబ్బాకు మాత్రం ఎర్త్ ఉండి తీరాలి.

మన ఇంటి సంగతీ చూసుకోవాలి. పాత అద్దె ఇళ్లలో బోర్డుకు మూడో రంధ్రం ఉంటుంది గానీ దాని వెనక వైరు ఉండదు. మీటర్‌ను ఏసీ వోల్టుల మోడ్‌లోకి మార్చి ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య పెడితే దాదాపు 230 వోల్టులు చూపించాలి. వీలైతే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) పెట్టించుకోండి, ఇంటి ఓనర్‌తో కొంచెం వాదించాల్సి వచ్చినా సరే.

ఎలక్ట్రీషియన్ మూడు కోర్‌ల వైరు వేసి, బుష్, అసలు ఫ్యూజ్ పెట్టాక కొత్త తలనొప్పి మొదలైంది. సెట్‌టాప్ బాక్స్ తగిలిస్తే స్పీకర్లలో బుయ్‌మని హమ్మింగ్. షాపు కుర్రాడి సలహా ఏంటంటే, ఎర్త్ పిన్ను కత్తిరించేయమని! ఈ మాట ఎవరు చెప్పినా వినొద్దు. కేబుల్ వైరు ఓసారి పీకి చూడండి, హమ్మింగ్ ఆగిపోతే అది గ్రౌండ్ లూప్, అంటే ఎర్త్ రెండు దారుల్లో కలిసి చుట్టులా తయారవడం. టీవీ, బాక్స్, ఆంప్లి మూడూ ఒకే బోర్డులో పెడితే చాలాసార్లు తగ్గిపోతుంది. తగ్గకపోతే ఆడియో వైరు మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ పెట్టండి. మాకు దాంతోనే పోయింది.

సామానుతో పాటు అడాప్టర్ ఇస్తే దాని మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే ఎనిమిది అంకెల నంబర్ ఉందేమో చూడండి. ఆ నంబర్‌ను బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఎవరి పేరు మీద రిజిస్టర్ అయిందో తెలుస్తుంది.

బిల్లు అడిగితే మాకు తెల్ల చిట్టీ మీద రాసిచ్చారు, షాపు ముద్ర కూడా లేదు. వాపసు తీసుకోమంటే "మీరే ఓపెన్ చేసిన్రు కదా" అంటున్నారు. యూపీఐ చెల్లింపు వివరాలు, విప్పిన ప్లగ్గు ఫొటోలు దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. షాపువాళ్లు దారికి రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 5 లక్షల లోపు కొనుగోళ్లకు అక్కడ ఫీజు లేదు, రెండేళ్ల లోపు కేసు వేయొచ్చు. ఇదే షాకు మీకూ కొట్టి ఉంటే, మూత తీయకముందే వీడియో తీసి పెట్టుకోండి.