డిస్కార్డ్: గొంతు బాగుంది, గుర్తే లేదు

నలుగురు కలిసి గేమ్ ఆడుతూ మాట్లాడుకోవడానికి ప్రస్తుతం డిస్కార్డ్ యాప్‌ను మించింది లేదు. ఆ నలుగురూ ఆడి నేర్చుకున్నది ఐదోవాడికి అందాలంటే మాత్రం ఇంతకంటే పనికిరాని చోటు ఇంకోటి దొరకదు. మొదటి పని బాగా చేస్తోంది కదా అని గేమింగ్ లోకం రెండో పనిని కూడా దీని నెత్తినే పెట్టేసింది. చిక్కంతా అక్కడే.

2015 మేలో ఇది వచ్చేటప్పటికి గేమర్లు టీమ్‌స్పీక్, మంబుల్, వెంట్రిలో అనే వాయిస్ ప్రోగ్రాములు వాడేవాళ్లు. వాటికి ఎవరో ఒకరు సర్వర్ అద్దెకు తీసుకోవాలి, లేదా సొంతంగా నడపాలి. చేరాలంటే అడ్రస్, పోర్ట్ నంబర్ కొట్టాలి. ఆ తిప్పలు పడలేనివాళ్లు స్కైప్‌కి వెళ్లేవాళ్లు. స్కైప్‌లో అవతలివాళ్ల ఐపీ అడ్రస్ లాగడం అప్పట్లో తేలిక. మ్యాచ్‌లో ఓడిన కోపంతో ఎదుటివాడి కనెక్షన్ మీద డీడాస్ దాడి (దొంగ ట్రాఫిక్ కుమ్మరించి నెట్ స్తంభింపజేయడం) చేసేవాళ్లకు అది వరమైంది. డిస్కార్డ్‌లో వాయిస్ కంపెనీ సర్వర్ల మీదుగా వెళ్తుంది కాబట్టి ఒక ఆటగాడి ఐపీ ఇంకొకరికి కనబడదు. పైగా ఉచితం, లింక్ నొక్కితే బ్రౌజర్‌లోనే చేరిపోవచ్చు. పాతవన్నీ మూలపడటానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

డిస్కార్డ్‌లో ఒక గుంపు పెట్టుకునే చోటుని కూడా సర్వర్ అనే అంటారు, అందులోని విడి గదులు ఛానెళ్లు. వాయిస్ నాణ్యత సంగతికొస్తే, వాయిస్ ఛానెల్ మామూలుగా 64 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు) దగ్గర ఉంటుంది. ఉచిత సర్వర్‌లో దాన్ని 96 దాకా పెంచుకోవచ్చు. సభ్యులు డబ్బు పెట్టి బూస్ట్ చేస్తే మొదటి లెవెల్‌లో 128, రెండో లెవెల్‌లో 256, మూడో లెవెల్‌లో 384 దాకా వెళ్తుంది. మాటలకు ఇంత అక్కర్లేదు. గొంతును కుదించి పంపడానికి వాడే కోడెక్ ఓపస్; దానికి 64 కేబీపీఎస్‌లోనే మనిషి గొంతు శుభ్రంగా వినిపిస్తుంది. హెడ్‌సెట్ మైక్‌తో మాట్లాడుతూ 384కి పెంచితే తేడా చెవికి తెలియదు, అంతంతమాత్రం నెట్ ఉన్న సభ్యుడికి మాత్రం మాట తెగిపోతుంది. అలాంటివాళ్లు గుంపులో ఉంటే 32కి దించడమే మేలు. వాయిస్ కోసమని బూస్ట్ కొనేవాళ్లు ఆ డబ్బుతో మంచి మైక్ కొనుక్కోవచ్చు.

ఎక్కువమంది చేసే ఫిర్యాదు ఒకటుంది: "వాయిస్ ఛానెల్‌లో చేరగానే గేమ్ సౌండ్ డబ్బాలోంచి వస్తున్నట్టు అయిపోతోంది." నూటికి తొంభై మంది దీనికి డిస్కార్డ్‌ని తిడతారు. తప్పు బ్లూటూత్‌ది. మామూలు బ్లూటూత్ హెడ్‌సెట్ మైక్ తెరుచుకోగానే స్టీరియో వదిలేసి హ్యాండ్స్‌ఫ్రీ పద్ధతికి మారుతుంది. అందులో సౌండ్ మోనో, నాణ్యత ఫోన్ కాల్ స్థాయి. డిస్కార్డ్ సెట్టింగ్స్‌లో ఇన్‌పుట్ డివైస్‌గా ల్యాప్‌టాప్ మైకో, విడి యూఎస్‌బీ మైకో పెట్టి, అవుట్‌పుట్‌కి మాత్రం హెడ్‌సెట్ ఉంచితే సౌండ్ మళ్లీ మామూలవుతుంది. లేదంటే వైరు హెడ్‌సెట్, లేదా డాంగిల్‌తో నడిచే 2.4 గిగాహెర్ట్జ్ హెడ్‌సెట్ వాడాలి.

ఎవరైనా మాట్లాడిన ప్రతిసారీ గేమ్ శబ్దం తగ్గిపోతోందంటే చూడాల్సిన చోట్లు రెండు. డిస్కార్డ్‌లో అటెన్యుయేషన్ అనే స్లైడర్ ఉంటుంది, దాన్ని సున్నాకి లాగాలి. చాలామంది అక్కడితో ఆగిపోయి, తగ్గలేదని మళ్లీ మొరపెట్టుకుంటారు. విండోస్ సౌండ్ సెట్టింగ్స్‌లో కమ్యూనికేషన్స్ అనే ట్యాబ్ వేరే ఉంది. కాల్ నడుస్తుంటే మిగతా శబ్దాలను 80 శాతం తగ్గించాలని అందులో ముందే టిక్ పెట్టి ఉంటుంది. దాన్ని "డూ నథింగ్"కి మార్చాలి. అడుగుల చప్పుడు మీద ఆధారపడే షూటర్లలో ఇది ప్రాణాల మీదకొచ్చే విషయం.

పుష్ టు టాక్ బటన్ (నొక్కి పట్టుకున్నంతసేపే మైక్ పనిచేసేది) డెస్క్‌టాప్ మీద పనిచేసి గేమ్‌లోకి వెళ్లగానే చచ్చిపోతే, గేమ్ అడ్మినిస్ట్రేటర్ హక్కులతో నడుస్తోందని అర్థం. మామూలు హక్కులతో ఉన్న ప్రోగ్రామ్‌కి ఆ సమయంలో కీబోర్డ్ నొక్కులు చేరనివ్వదు విండోస్. డిస్కార్డ్‌నీ అడ్మినిస్ట్రేటర్‌గా తెరిస్తే సరిపోతుంది. అవసరం లేని గేమ్‌కి ఆ హక్కులు తీసేస్తే ఇంకా మంచిది.

క్రిస్ప్ నాయిస్ సప్రెషన్ ఈ సర్వీసులో నిజంగా మెచ్చుకోదగ్గది. మెకానికల్ కీబోర్డ్ టకటకలు, ఫ్యాన్ హోరు చాలావరకు మాయం చేస్తుంది. అయితే హెడ్‌సెట్ కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో ఇంకో నాయిస్ ఫిల్టర్ ఆన్‌లో ఉంటే రెండూ ఒకే గొంతు మీద పడి మాటల చివర్లు మింగేస్తాయి. ఏదో ఒకటే ఉంచుకోవాలి. మెల్లగా మాట్లాడేవాళ్ల మొదటి అక్షరాలు పోతున్నాయంటే ఇన్‌పుట్ సెన్సిటివిటీ ఆటోమేటిక్ తీసేసి గీతను చేత్తో కిందికి జరపాలి, పక్కనే ఉన్న మైక్ టెస్ట్‌తో విని చూసుకోవాలి.

"నో రూట్" అనో "ఆర్‌టీసీ కనెక్టింగ్" అనో వచ్చి ఆగిపోతే ముందు వీపీఎన్ ఆపి చూడాలి. వాయిస్‌కి యూడీపీ అనే డేటా పంపే పద్ధతి కావాలి, కొన్ని వీపీఎన్‌లు, ఆఫీసు, హాస్టల్ నెట్‌వర్క్‌లు దాన్ని పోనివ్వవు. ఒక్కరికే మాట తెగుతుంటే లోపం వాళ్ల నెట్‌లో ఉంది. ఛానెల్‌లో అందరికీ తెగుతుంటే ఛానెల్ సెట్టింగ్స్‌లో రీజియన్ ఓవర్‌రైడ్‌తో దగ్గరి ఇంకో ప్రాంతం ఎంచుకోవాలి.

ఇరవైమంది రెయిడ్ (గేమ్‌లో పెద్ద గుంపుగా చేసే దాడి) నడిపేవాళ్లలో కూడా చాలామందికి తెలియని సదుపాయం ప్రయారిటీ స్పీకర్. ఆ అనుమతిని రెయిడ్ లీడర్ రోల్‌కి (సర్వర్‌లో సభ్యులకిచ్చే హోదాని రోల్ అంటారు) ఇచ్చి, కీబైండ్స్‌లో ప్రయారిటీ పుష్ టు టాక్‌కి ఒక బటన్ కేటాయిస్తే, లీడర్ ఆ బటన్ నొక్కినంతసేపు మిగతావాళ్ల గొంతులు తగ్గుతాయి. "అందరూ నోరు మూయండి" అని అరవాల్సిన పని తప్పుతుంది.

స్క్రీన్ షేర్ ఉచితంగా 720పీ, సెకనుకు 30 ఫ్రేములు. స్నేహితుడికి బాస్ ఫైట్ చూపించడానికి చాలు. చిన్న అక్షరాల మెనూలుండే స్ట్రాటజీ గేమ్‌కి చాలదు. చూసేవాళ్లకి నల్లటి తెర వస్తే గేమ్‌ని ఫుల్‌స్క్రీన్ నుంచి బోర్డర్‌లెస్‌కి మార్చాలి. మొత్తం స్క్రీన్ పంచే బదులు గేమ్ విండో ఒక్కటే పంచడం అలవాటు చేసుకోవాలి, లేకపోతే పక్కనొచ్చే మెసేజ్‌లు కూడా ఊరందరికీ కనబడతాయి.

ఉచిత ఖాతాకి ఫైల్ పరిమితి అంతకుముందు 25 ఎంబీ ఉండేది, 2024లో 10కి కోసేశారు. 10 ఎంబీ అంటే 80 మెగాబిట్లు. 30 సెకన్ల క్లిప్‌కి పంచితే సెకనుకు సుమారు 2.7 మెగాబిట్లు వస్తాయి. ఆడియోకి 128 కేబీపీఎస్, ఫైల్ హంగులకి కొంత తీసేస్తే వీడియోకి మిగిలేది సుమారు 2.4. ఇంతలో 1080పీ 60 ఫ్రేముల షూటర్ క్లిప్ మసకబారిపోతుంది. 720పీ, 30 ఫ్రేములకి దించితే చూడదగ్గట్టు ఉంటుంది. 15 సెకన్లకి కత్తిరిస్తే బిట్‌రేట్ రెట్టింపు దొరుకుతుంది. ఎలాగూ గొప్ప కిల్ అంతా చివరి పది సెకన్లలోనే ఉంటుంది.

ఇక అసలు గొడవ. ఫైటింగ్ గేమ్‌లో ఒక్కో పాత్రకి ఒక్కో సర్వర్. ఏ దెబ్బ బ్లాక్ అయితే కొట్టినవాడు ఎన్ని ఫ్రేములు వెనకబడతాడు, ఏ మూల ఏ కాంబో పడుతుంది, అన్నీ ఆ సర్వర్‌లో ఎవరో ఎప్పుడో రాసే ఉంటారు. గూగుల్‌లో వెతికితే రాదు, ఎందుకంటే లోపలి మెసేజ్‌లు సెర్చ్ ఇంజిన్లకి కనబడవు. మైన్‌క్రాఫ్ట్ మోడ్ (గేమ్‌కి ఆటగాళ్లు చేసిన చేర్పు) క్రాష్ అయితే దాని పేజీలో "సాయానికి మా డిస్కార్డ్‌కి రండి" అని ఉంటుంది. వెళ్లాలి. రూల్స్ చదివి టిక్ పెట్టాలి. రోల్ ఎంచుకోవాలి. వెరిఫికేషన్ హై లెవెల్‌లో ఉంటే పది నిమిషాలు ఆగాలి. ముప్పై ఛానెళ్లలో సాయం ఛానెల్ ఏదో కనిపెట్టి ప్రశ్న వేస్తే ఒకటే జవాబు: "పిన్స్ చూడు." పిన్స్‌లో, అంటే ఛానెల్‌లో గుచ్చిపెట్టిన మెసేజ్‌లలో, ఉన్నది రెండు ప్యాచ్‌ల (గేమ్ అప్‌డేట్ల) కిందటి సమాధానం. అదే ప్రశ్న మర్నాడు ఇంకొకరు వేస్తారు, అదే విసుగు జవాబు వస్తుంది. కొత్తవాళ్లంటే పాతవాళ్లకి చిరాకు పుట్టడానికి మనుషుల బుద్ధి ఒక్కటే కారణం అనుకోవడం అన్యాయం. వేసిన ప్రశ్నే మళ్లీ వేయించేలా ఉన్న కట్టడం కూడా కారణమే.

2022లో ఫోరమ్ ఛానెళ్లు తెచ్చారు. ప్రతి ప్రశ్నకీ ఒక శీర్షిక, ట్యాగులు, విడి చర్చ ఉంటాయి. ఉన్నంతలో మంచి పని, సర్వర్ నడిపేవాళ్లు వాడి తీరాలి. కానీ సర్వర్‌లో చేరనివాడికి అదీ గోడ అవతలే. ఫైళ్ల విషయంలో ఇంకా ఘోరం: డిస్కార్డ్‌లో పెట్టిన ఫైల్ లింక్‌ని బయట ఇంకో చోట అంటిస్తే ఒక్క రోజులో చచ్చిపోయే పద్ధతి తెస్తున్నట్టు 2023 చివర్లో ప్రకటించారు. మాల్వేర్ పంచేవాళ్లని ఆపడానికి అది తప్పనిసరేనని ఒప్పుకోవాలి. అయినా అప్పటిదాకా గైడ్లలో పెట్టుకున్న బొమ్మలు, మోడ్ ఫైళ్ల లింకులు దాంతో ఎండిపోయాయి. అన్నింటికీ మించి, యజమాని ఒక్కడికి కోపమొచ్చి సర్వర్ తీసేస్తే ఏళ్ల తరబడి పోగైన సమాచారం అంతా ఆ ఒక్క నొక్కుతో పోతుంది.

కాబట్టి గేమ్ కమ్యూనిటీ నడిపేవాళ్లు ఒక పద్ధతి పెట్టుకోవాలి. తేలిన జవాబు వారానికోసారైనా వికీలోకో, స్టీమ్ గైడ్‌లోకో, బయట అందరికీ కనబడే ఇంకో పేజీలోకో ఎక్కాలి. ఫోరమ్ పోస్ట్ శీర్షికలో గేమ్ వెర్షన్ నంబర్ తప్పనిసరి చేయాలి. లేకపోతే ఆరు నెలల తర్వాత ఆ సలహా పనికొస్తుందో లేదో ఎవరికీ తెలియదు. చదివేవాళ్లు సెర్చ్ పెట్టెలో ఊరికే మాట కొట్టి ఊరుకోకుండా ఎవరు రాశారు, ఏ ఛానెల్, ఏ తేదీకి ముందు, ఫైల్ ఉందా అనే ఫిల్టర్లు కలిపి వాడాలి. డెవలపర్ పేరుతో ఫిల్టర్ పెడితే చెత్తంతా పోయి పనికొచ్చే పది మెసేజ్‌లు మిగులుతాయి.

సర్వర్ భద్రతకి చేయాల్సినవి కొన్నే, కానీ చేయనివాళ్లే ఎక్కువ. వెరిఫికేషన్ మీడియంలో పెడితే ఖాతాకి ఐదు నిమిషాల వయసు ఉండాలి, హైలో పెడితే సర్వర్‌లో చేరి పది నిమిషాలు కావాలి. బాట్ల దండయాత్రను చాలావరకు ఆపడానికి హై చాలు. ఎవ్రీవన్ అని కొట్టి అందరినీ ఒకేసారి పిలిచే హక్కు మామూలు సభ్యులకి తీసేయాలి. మోడరేటర్లకి టూ ఫ్యాక్టర్ తప్పనిసరి చేసే మీట ఉంది, వేయాలి. ప్యాచ్ వచ్చిన రోజు చర్చా ఛానెల్‌లో 30 సెకన్ల స్లోమోడ్ (ఒక్కొక్కరు మెసేజ్‌కీ మెసేజ్‌కీ మధ్య ఆగాల్సిన సమయం) పెడితే తిట్లు సగం తగ్గుతాయి. సర్వర్ పనుల కోసం పెట్టుకునే బాట్‌కి అడ్మినిస్ట్రేటర్ అనుమతి ఇవ్వొద్దు; దానికి కావాల్సిన ఒకటి రెండు హక్కులు చాలు. రోల్ ఇవ్వాల్సిన బాట్ ఇవ్వట్లేదంటే, జాబితాలో బాట్ రోల్ ఆ రోల్ కంటే కింద ఉందేమో చూడాలి. పైకి లాగితే పనిచేస్తుంది. పదిహేనుమంది గిల్డ్‌కి నలభై ఛానెళ్లు పెట్టేవాళ్లూ ఉన్నారు. ఐదు దాటితే అన్నీ ఖాళీగానే ఉంటాయి.

మోసాలు ఎప్పుడూ తెలిసినవాళ్ల పేరుతోనే వస్తాయి. "నా కొత్త గేమ్ టెస్ట్ చేస్తావా" అని ఫైల్ పంపుతారు, తెరిస్తే లాగిన్ టోకెన్ (పాస్‌వర్డ్ అడగకుండానే ఖాతా తెరిచే తాళంచెవి లాంటిది) పోతుంది. "పొరపాటున నీ స్టీమ్ ఖాతాని రిపోర్ట్ చేశా, ఈ అడ్మిన్‌తో మాట్లాడు" అనేది ఇంకోటి. స్టీమ్ ఉద్యోగులెవరూ డిస్కార్డ్‌లో కేసులు చూడరు. వెరిఫికేషన్ పేరుతో క్యూఆర్ కోడ్ చూపించి ఫోన్ యాప్‌తో స్కాన్ చేయమంటే అది మీ ఖాతాలోకి వాళ్ల కంప్యూటర్‌ని లాగిన్ చేయించే కోడ్. టూ ఫ్యాక్టర్ కూడా అక్కడ కాపాడదు. దొరికిపోతే వెంటనే పాస్‌వర్డ్ మార్చాలి, దాంతో పాత టోకెన్లు రద్దవుతాయి. ఆథరైజ్డ్ యాప్స్‌లో తెలియనివన్నీ తీసేయాలి. ఫైల్ తెరిచి ఉంటే ముందు కంప్యూటర్ శుభ్రం చేసి, పాస్‌వర్డ్ ఇంకో పరికరం నుంచి మార్చాలి. లేకపోతే కొత్త టోకెన్ కూడా దొంగకే చేరుతుంది.

ప్రకటనలు ఉండవన్న మాట 2024లో పోయింది. క్వెస్ట్‌ల పేరుతో ఫలానా గేమ్ ఆడి స్ట్రీమ్ చేస్తే బహుమతి అంటూ కింద మూలన పెట్టెలు వస్తున్నాయి. ప్రస్తుతానికి మూసేయదగ్గ చికాకే. దానికంటే బరువైనది 2025 అక్టోబర్ సంగతి: కస్టమర్ సపోర్ట్ చూసే బయటి సంస్థ దగ్గర చొరబాటు జరిగి, సుమారు 70,000 మంది వయసు నిరూపణ కోసం పంపిన గుర్తింపు కార్డుల ఫొటోలు బయటపడి ఉండొచ్చని డిస్కార్డే చెప్పింది. వయసు నిరూపణకి వేరే దారి చూపిస్తే అదే ఎంచుకోండి, కార్డు ఫొటో మాత్రం అప్‌లోడ్ చేయకండి.

డిస్కార్డ్ డబ్బు సభ్యత్వం నైట్రో కొనాలా? రోజూ స్క్రీన్ షేర్‌లో 1080పీ 60 ఫ్రేములు కావాల్సినవాళ్లకీ, 500 ఎంబీ ఫైళ్లు పంపేవాళ్లకీ పనికొస్తుంది. క్లిప్‌లు పెట్టుకోవడానికే అయితే 50 ఎంబీ ఇచ్చే నైట్రో బేసిక్ చాలు. యానిమేటెడ్ ఎమోజీలు, ప్రొఫైల్ అలంకారాలు చూసి కొనేవాళ్లకి ఈ సమీక్షతో పనిలేదు.