మా డిక్కీలోంచి కదలని గాలి పంపు: 4 ఏళ్ల వాడకం తర్వాత

2021 దసరా సెలవుల్లో గుంటూరు నుంచి వినుకొండ, మార్కాపురం మీదుగా శ్రీశైలం బయల్దేరాం. నాన్న, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, నేను. మార్కాపురం దాటాక వెనక కుడి టైరు పంక్చరైంది. చీకట్లో, సామాన్లన్నీ రోడ్డు పక్కన దించి స్టెప్నీ వేశాను. జాకీ దించగానే అదీ నేలకు అతుక్కుపోయింది.

"స్టెప్నీలో గాలి ఎప్పుడు చూశావురా?" అని నాన్న అడిగారు. కారు కొన్న 3 ఏళ్లలో ఒక్కసారి కూడా చూడలేదు.

అసలు టెన్షన్ వేరే. దోర్నాల దగ్గర ఫారెస్టు గేటు రాత్రి 9 గంటలకు వేసేస్తారు. అది దాటిపోతే తెల్లవారే దాకా అక్కడే. వెనక నుంచి వచ్చిన ఒక పాల వ్యాను డ్రైవరు ఆగి, సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టే చిన్న పంపు తీసి మా స్టెప్నీకి గాలి కొట్టి పంపించాడు. 8:40కి గేటు దాటాం. ఇంటికి రాగానే అలాంటిదే 2,400 రూపాయలు పెట్టి కొన్నాను. అప్పటి నుంచి అది డిక్కీలోనే ఉంది.

పంక్చరైనప్పుడు అక్కరకొస్తుందని కొన్నాను గానీ, దాని అసలు ఉపయోగం బయల్దేరే ముందు రోజే తెలుస్తుంది. టైరు చల్లగా ఉన్నప్పుడు చూసిన గాలే లెక్క. బంకు దాకా నడుపుకుంటూ వెళ్లేసరికి టైరు వేడెక్కి నంబరు పైకి పోతుంది. అక్కడి కుర్రాడు ఎక్కువుందని తీసేస్తాడు, చల్లారాక చూస్తే తక్కువ. ఇప్పుడు కారు 3, 4 గంటలు నీడలో ఉన్నాక మా పార్కింగ్‌లోనే చూసుకుంటున్నాను. తెల్లవారుజామున మాత్రం ఆన్ చేయను. మిక్సీ కంటే పెద్ద శబ్దం, అపార్ట్‌మెంటంతా లేస్తుంది.

డ్రైవర్ డోరు తీస్తే స్తంభం మీద ఏ టైరుకు ఎంత గాలి ఉండాలో చెప్పే స్టిక్కర్ ఉంటుంది, చాలామంది దాన్ని పట్టించుకోరు. మా కారుకు మామూలుగా 33 పీఎస్‌ఐ (టైర్లో గాలి ఒత్తిడిని కొలిచే లెక్క). మనుషులు నిండా ఎక్కి, డిక్కీలో సామాను ఉంటే వెనక టైర్లకు 36. ఊళ్లో తిరిగే గాలితోనే ఐదుగురినీ పెట్టెలనూ ఎక్కించుకుని హైవే ఎక్కితే టైరు పక్కలు ఎక్కువ ఒంగి వేడెక్కుతాయి. మే నెల మధ్యాహ్నం మన రోడ్ల వేడికి అది ఇంకా ప్రమాదం. పంపులో కావాల్సిన నంబరు సెట్ చేసి ఆన్ చేస్తే అక్కడికి రాగానే అదే ఆగిపోతుంది. 29 నుంచి 36కి మా టైరుకు 4 నిమిషాల దాకా పడుతుంది. ఐదో టైరు, అదే స్టెప్నీ, ఇప్పుడు మొదట చూసేది. దారిలో ఆగి చూసినప్పుడు 39, 40 కనిపించినా గాలి తీయను, అది వేడి వల్ల పెరిగిందే.

2023 మేలో తిరుపతి వెళ్తూ ఒంగోలు దాటాక టీ కోసం ఆగాం. వెనక ఎడమ టైరు కాస్త కూర్చున్నట్టు అనిపించి పంపు తగిలిస్తే 24 చూపించింది. చేత్తో తడిమితే మధ్య గాడిలో మేకు తల తగిలింది. ట్యూబ్‌లెస్ కాబట్టి మేకు పీకలేదు, పీకితే ఉన్న గాలి కూడా పోతుంది. నిండా గాలి కొట్టి, నెమ్మదిగా నడుపుతూ టంగుటూరులో పంక్చర్ షాపు చేరాం. ఆ ఎండలో మళ్లీ డిక్కీ ఖాళీ చేసే పని తప్పింది. అయితే టైరు పక్క చీలితే ఈ పంపు ఎందుకూ పనికిరాదు, స్టెప్నీ వేయాల్సిందే.

లోపాలూ ఉన్నాయి. పంపు మీటరు ఒకటిన్నర పీఎస్‌ఐ ఎక్కువ చూపిస్తుంది. మా వీధి పంక్చర్ షాపులోని మీటరుతో పోల్చి చూసుకున్నాను, అప్పటి నుంచి ఆ మేరకు కలిపి సెట్ చేస్తున్నాను. పంపు ట్యూబు చివర ఇత్తడి నాజిల్ టైరు వాల్వుకు మరతో బిగించేది. పని అయ్యేసరికి అది బాగా కాలుతుంది, మొదటిసారి వేలు చుర్రుమంది. మర విప్పేటప్పుడు కొంచెం గాలి కూడా పోతుంది. 10 నిమిషాలు దాటి నడపకూడదు, ఆపి చల్లారనివ్వాలి. ఒకసారి రెండు ఫోన్ ఛార్జర్లు పెట్టిన స్ప్లిటర్‌లోనే (ఒక సాకెట్‌ను కొన్నిగా చేసేది) పంపు కూడా పెడితే ఫ్యూజు పోయింది. పంపును నేరుగా సాకెట్‌లోనే పెట్టాలి, ఇంజను ఆన్‌లో ఉంచాలి.

లోపల బ్యాటరీ ఉన్న చిన్న పంపు మా తమ్ముడు కొన్నాడు. వైరు బాధ లేదు, చేతిలో ఇమిడిపోతుంది. కానీ ఛార్జింగ్ గుర్తుపెట్టుకోవాలి, మన ఎండల్లో రోజంతా కారులో వదిలేస్తే బ్యాటరీకి మంచిది కాదు. ఏడాదికి రెండు మూడు దూర ప్రయాణాలు చేసే కుటుంబానికి నేను వైరుదే తీసుకోమంటాను. కొనేముందు సాకెట్ నుంచి వెనక టైరు దాకా టేపుతో కొలవండి. మాది 3 మీటర్ల వైరు, వెనక కుడి టైరుకు కిటికీలోంచి లాగితే తప్ప అందదు.