సింకోపేషన్ అర్థం కావాలంటే ‘చిల్క’ మేలా, చప్పట్లు మేలా?

సింకోపేషన్ అన్న మాటకు మూలమైన గ్రీకు పదానికి కోసివేయడమని అర్థం. సంగీతంలో ఊనిక పడవలసిన దెబ్బ మీద పడకుండా బలహీనమైన చోటికి జరగడానికీ, భాషలో పదం నడుమ అచ్చు లోపించడానికీ ఆ మూలం నుంచే పేర్లు వచ్చాయి. వరంగల్‌లో పాట నేర్చుకొనే పిల్లలకు దీన్ని చెప్పవలసి వస్తే మాటతో మొదలుపెట్టాలా, తాళంతోనా?

మాటతో అయితే ఉదాహరణల కోసం వెతకనక్కర లేదు. పుస్తకంలోని చిలుక, కొడుకు, ఎరుక మన ఇళ్లలో చిల్క, కొడ్కు, ఎర్క అవుతాయి. నడిమి ఉకారం పోయింది కనుక పదం పొట్టిదైందనిపిస్తుంది గాని ఛందస్సు లెక్క అలా లేదు. చిలుకలో మూడు లఘువులు (పొట్టి అక్షరాలు), అంటే 3 మాత్రల కాలం. చిల్కలో సంయుక్తాక్షరం ముందున్న ‘చి’ గురువై 2 మాత్రలు తీసుకుంటుంది, మిగిలింది 1, మొత్తం మళ్లీ 3. బతుకమ్మ బత్కమ్మ అయినా 5 మాత్రలు 5గానే ఉంటాయి. ద్విపద పాదం చివర వచ్చే సూర్యగణంగా నగణమూ (మూడు లఘువులు) హగణమూ (గురువు, లఘువు) రెండూ చెల్లుతాయి కనుక, పాల్కురికి సోమనాథుడు బసవపురాణానికి ఎంచుకున్న ద్విపదలో పాదం చివర చిలుక కూర్చున్నా చిల్క కూర్చున్నా గణం తప్పదు. కాలం తరగలేదు, బరువు మాత్రం ముందటి అక్షరం మీదికి జరిగింది. అయితే ముందటి అక్షరం అప్పటికే దీర్ఘమైతే ఈ పోలిక నిలవదు: మాటలాడు 6 మాత్రలు, మాట్లాడు 5, అక్కడ నిజంగానే కోత పడింది.

మాటతో చెప్పడంలో అంతకంటే పెద్ద లోటు ఇంకొకటుంది. చిల్క అనేవారి మనసులో చిలుక మోగదు. సంగీతంలో మాత్రం తప్పించుకున్న దెబ్బ కూడా వినిపిస్తూనే ఉండాలి. హనుమకొండ వేయిస్తంభాల గుడి దగ్గర ఎంగిలిపూల బతుకమ్మ నాడు ఆడవాళ్లు తిరుగుతూ కొట్టే చప్పట్లను తలచుకోండి. ఆ చప్పట్లు ఆపకుండా, దెబ్బ మీద రావలసిన అక్షరాన్ని అర లెక్క ముందే ఎత్తుకొని దెబ్బ దాటేదాకా సాగదీస్తే, అది సింకోపేషన్. చప్పట్లు ఆగిపోతే, వినేవారి మనసులోనూ ఆ లెక్క నడవకపోతే, అది మామూలు పాటే. అమెరికా రాగ్‌టైమ్ పియానోలో ఎడమ చెయ్యి సమంగా నడుస్తుంటేనే కుడి చేతి విరుపులకు అందం వచ్చేది. మన కర్ణాటక సంగీతంలోని అనాగత గ్రహం దీనికి దగ్గరిదే గాని, అది తాళం మొదలైన తరువాత పాట ఎత్తుకోవడం గురించి చెప్తుంది. సింకోపేషన్ పాటలో ఎక్కడైనా రావచ్చు.

అర్థం మాత్రమే కావలసినవారికి చిల్క చాలు. పాడవలసినవారికి నా ఓటు చప్పట్లకే, కాకపోతే వాటి మీద పలికించే మాటగా చిల్కనే తీసుకుంటాను. మూడు సమమైన దెబ్బలకు ముందు చిలుక అనిపించి, చెయ్యి ఆపకుండా చిల్క అనిపిస్తే, రెండో దెబ్బ మీద కొత్త అక్షరం పడదు, ‘ల్’ సాగుతూ ఉంటుంది.