చెరువు పక్కన కాపురం: చిన్నపిల్లలున్న కుటుంబానికి హనుమకొండ

హైదరాబాద్‌లో అద్దెలు, రోజువారీ ప్రయాణాలు భారమై, చిన్నపిల్లలతో మరో ఊరికి మారాలని ఆలోచించే కుటుంబాలు చాలా ఉన్నాయి. వారిలో నీటి ఒడ్డున ఉండే ఊరు కావాలని కోరుకునేవారికి తెలంగాణలో నేను ముందుగా సూచించేది హనుమకొండను. మేము ఇద్దరు పిల్లలతో ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాం కనుక ఇది చుట్టపుచూపుగా వచ్చి చెప్పే మాట కాదు. అయితే ఈ సూచనకు ఒక షరతు ఉంది. ఇంటిని చెరువు అందం చూసి కాక, ఆ చెరువు నిండి మత్తడి (అదనపు నీరు పొర్లిపోయే కట్టడం) దుంకినప్పుడు నీరు ఏ దారిన పోతుందో చూసి ఎంచుకోవాలి. ఇక్కడ నిశ్చింతగా ఉండే కుటుంబానికీ, పెద్దవాన పడిన ప్రతిసారీ సామాను మంచాల మీదికి ఎక్కించుకునే కుటుంబానికీ మధ్య తేడా చాలావరకు అదే.

నిర్ణయానికి ముందు మేము మరికొన్ని ఊళ్లను కూడా పరిశీలించాం. సిద్దిపేట కోమటిచెరువు కట్టను పిల్లలకు అనువుగా తీర్చిదిద్దారు, ఊరు పరిశుభ్రంగా ఉంటుంది. కానీ అక్కడికి రైలు 2023లో మాత్రమే వచ్చింది, ఉద్యోగావకాశాలు పరిమితం. కరీంనగర్‌లో దిగువ మానేరు జలాశయం విశాలమైనదే అయినా ప్రధాన రైలుమార్గం ఆ ఊరి మీదుగా పోదు. ఖమ్మం లకారం చెరువు మాకు చాలా నచ్చింది, మా బంధువులు అక్కడ ఉంటే ఆ ఊరినే ఎంచుకునేవాళ్లమేమో. చదువు, వైద్యం, రైలు, చెరువు నాలుగూ ఒకేచోట దొరికేది మాత్రం హనుమకొండ, వరంగల్, కాజీపేట కలిసిన ఈ మూడూళ్ల నగరంలోనే.

ఇక్కడి చెరువులు ఒకదానికొకటి సంబంధం లేని నీటిగుంటలు కావు. కాకతీయుల కాలం నాటి గొలుసుకట్టు పద్ధతిలో ఎగువ చెరువు నిండితే మత్తడి మీదుగా దిగువ చెరువుకు, అక్కడి నుంచి ఆ కిందిదానికి నీరు సాగిపోయేది. ఊరు పెరిగి ఆ దారులు నాలాలయ్యాయి, వాటి పక్కన కాలనీలు వెలిశాయి. ఈ చరిత్రను ఇల్లు వెతికేటప్పుడే గుర్తుంచుకోవాలి. భద్రకాళి చెరువు కట్ట మీద సాయంత్రం పిల్లలను నడిపించవచ్చు, సైకిల్ నేర్పించవచ్చు. ఒక పక్క గుడి, మరో పక్క గుట్టలు, ఎదురుగా నీరు ఉండే ఆ బాట ఈ నగరంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు. పూడిక తీయడం కోసం 2024 నవంబరులో ఆ చెరువును ఖాళీ చేసినప్పుడు ఊరంతా వెళ్లి చూసింది. ఎండిన చెరువును చూడటం బాధ కలిగించినా, ఏళ్ల తరబడి పేరుకున్న పూడికను తీయాలనుకోవడం సరైన నిర్ణయమేనని నా అభిప్రాయం. వడ్డేపల్లి చెరువు కట్ట ఉదయపు నడకకు ఇంకా ప్రశాంతంగా ఉంటుంది.

ఇక వరద సంగతి వివరంగా చెప్పాలి. 2020 ఆగస్టులో హనుమకొండలోని చాలా కాలనీలు నీట మునిగాయి. ఎగువ చెరువుల నీటిని మోసుకొచ్చే నయీంనగర్ నాలా ఆ తాకిడికి చాలలేదు. 2023 జులైలో హంటర్ రోడ్డు ప్రాంతంలో ఇళ్లలోకి నీరు చేరి జనాన్ని పడవల్లో తరలించాల్సి వచ్చింది, భద్రకాళి చెరువు కట్టకు పోతననగర్ వైపు గండి కూడా పడింది. ఆ తర్వాత నాలాను వెడల్పు చేసే పనులు జరిగాయి. అయినప్పటికీ పల్లంలో కట్టిన ఇల్లు పల్లంలోనే ఉంటుంది. కాబట్టి నచ్చిన ఇంటి వీధిలో పాతకాపులను కలిసి, ఆ రెండు సంవత్సరాల్లో నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో అడగాలి. కిరాణా దుకాణం యజమాని గోడ మీద చెయ్యి పెట్టి చూపించే గుర్తు ఏ కాగితం కన్నా నమ్మదగినది.

స్థలం కొనేవారు ఇంకాస్త జాగ్రత్తపడాలి. భవన నిర్మాణ నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్ల మేర ఏ కట్టడమూ ఉండకూడదు. ఎండాకాలంలో చూపించే ప్లాటు పొడి నేలగానే కనిపిస్తుంది, అది చెరువు నిండితే మునిగే శిఖం భూమి అని చూపుకు తెలియదు. మాకు ఒక మధ్యవర్తి చూపించిన ప్లాటు ధర చుట్టుపక్కల ధరలతో పోలిస్తే బాగా తక్కువ. గ్రామ నక్షా (పటం)లో సర్వే నంబరు చూసి, నీటిపారుదల శాఖ కార్యాలయంలో పూర్తి నీటిమట్టం హద్దు ఎక్కడిదాకా ఉందో అడిగితే ఆ తక్కువ ధరకు కారణం తెలిసిపోయింది. ఇంటి నంబరు, కరెంటు మీటరు ఉన్నంత మాత్రాన స్థలం సక్రమమైనదని అనుకోకూడదు. ఒక వానాకాలం గడిచేదాకా అద్దెకు ఉండి, ఆ తర్వాతే కొనుగోలు గురించి ఆలోచించమని నేను అందరికీ చెబుతున్నాను.

తాగునీటి విషయంలో ఈ ఊరికి మంచి మార్కులే వేయాలి. శ్రీరాంసాగర్ ప్రాజెక్టు నుంచి కాకతీయ కాలువ ద్వారా వచ్చే గోదావరి నీటిని ధర్మసాగర్, వడ్డేపల్లి చెరువుల్లో నిల్వ చేసి, శుద్ధి చేసి సరఫరా చేస్తారు. వేసవిలో కూడా మా వీధికి ట్యాంకర్ పిలవాల్సిన అవసరం రాలేదు. శివారు కాలనీల్లో పరిస్థితి వేరుగా ఉండవచ్చు కాబట్టి నల్లా ఏ వేళకు వస్తుందో, ఎంతసేపు వస్తుందో ఇంటి యజమానిని కాక పక్కింటివారిని అడగడం మంచిది.

పిల్లల వైద్యానికి ప్రభుత్వ పెద్దాసుపత్రి అయిన ఎంజీఎం, ప్రసవాలకు హనుమకొండ, వరంగల్‌లలో ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రులు ఉన్నాయి. పిల్లల వైద్యుల ప్రైవేటు క్లినిక్‌లకు కొదవ లేదు. కాకతీయ వైద్య కళాశాల 1959 నుంచి ఉండటం వల్ల అనుభవజ్ఞులైన వైద్యులు ఊరిలోనే దొరుకుతారు. పుట్టుకతో వచ్చే గుండె జబ్బుల వంటి వాటికి మాత్రం ఇప్పటికీ హైదరాబాద్ వెళ్లేవారే ఎక్కువ. అటువంటి అవసరం ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఆ దూరాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

చదువుల ఊరని హనుమకొండకు పేరు. నేటి ఎన్‌ఐటీ 1959లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలగా ఇక్కడే మొదలైంది, కాకతీయ విశ్వవిద్యాలయం 1976లో ఏర్పడింది. అయితే ఆ పేరు పెద్ద చదువులకు వచ్చినది. చిన్నపిల్లల బడుల విషయంలో మనమే కళ్లు తెరిచి చూసుకోవాలి. చిన్న తరగతుల నుంచే ఐఐటీ పునాది అంటూ ప్రకటించుకునే బడులు చాలా ఉన్నాయి, వాటిలో కొన్నింటికి ఆటస్థలమే లేదు. బడిలో మైదానం ఉందా, పిల్లలు రోజూ అందులో ఆడుతున్నారా అని ఉదయం పూట స్వయంగా వెళ్లి చూసిన తర్వాతే మేము ఫీజు కట్టాం. బడి బయట పిల్లలకు ఆసక్తి కలిగించేవి హంటర్ రోడ్డులో జంతుప్రదర్శనశాల, ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం, వేయిస్తంభాల గుడి, ఓరుగల్లు కోట. సెలవురోజున పాకాల చెరువుకో, 2021లో యునెస్కో గుర్తింపు పొందిన రామప్ప గుడికో వెళ్లి రాత్రికి ఇంటికి చేరవచ్చు. బతుకమ్మ రోజుల్లో పద్మాక్షి గుట్ట దగ్గర, వేయిస్తంభాల గుడి దగ్గర కనిపించే సందడిని మా పాప ఏడాదంతా గుర్తుచేసుకుంటూ ఉంటుంది.

ఉద్యోగం హైదరాబాద్‌లోనే కొనసాగించాలనుకునేవారికి కాజీపేట జంక్షన్ పెద్ద వరం. సికింద్రాబాద్ సుమారు 130 కిలోమీటర్లు. వారానికి రెండు మూడు రోజులు ఆఫీసుకు పోవాల్సినవారు రైలు మీద ఆధారపడి బతకగలరు, రోజూ పోయివచ్చేవారికి మాత్రం అలసట తప్పదు. మడికొండ ఐటీ పార్కులో కొన్ని సంస్థలు ఉన్నాయి గానీ, ఇక్కడికి వచ్చాక ఉద్యోగం వెతుక్కుందామనే ధైర్యం చేయవద్దు.

ఎండలు తీవ్రంగా ఉంటాయి, చెరువు పక్కన ఉన్నా ఏప్రిల్, మే నెలల్లో పగటిపూట పిల్లలను బయటకు పంపలేం. వానాకాలంలో దోమలు ఎక్కువ, డెంగీ భయం ఉంటుంది కనుక కిటికీలకు జాలీ లేని ఇల్లు తీసుకోవద్దు. గుట్టల పక్క కాలనీల్లో కోతుల బెడద ఉంది. భద్రకాళి, వడ్డేపల్లి చెరువుల వైపు ఇల్లు చూసేవారు జులై, ఆగస్టు నెలల్లో రండి, అదీ వాన పడుతున్న రోజున రండి. మెరక మీద ఉన్న వీధిలో, పై అంతస్తు దొరికితే అద్దె కొంచెం ఎక్కువైనా తీసుకోండి.