ఆరేళ్లుగా హవాయి కీబోర్డుతో

హవాయి దీవుల్లోని హిలో ఊళ్లో ఒక చిన్న ప్రింటింగ్ షాపులో పేజీలు కట్టడం నా పని. ఆహ్వానపత్రాలు, బడి కరపత్రాలు, దుకాణాల బోర్డులు... సగానికి సగం హవాయి భాషలోనే. విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ సిస్టమ్‌తో పాటే ఉచితంగా వచ్చే హవాయి కీబోర్డు లేఅవుట్‌ను ఆరేళ్లుగా రోజూ వాడుతున్నాను.

ఈ భాష రాతలో గుర్తులు రెండే. అచ్చు మీద అడ్డగీత కహకో, అంటే దీర్ఘం. దీర్ఘం తప్పితే మాటే మారిపోతుందని పలు, పాలు తేడా తెలిసినవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. రెండోది ఒకిన. గొంతు ఒక్క క్షణం బిగబట్టి వదిలే చప్పుడు. తలకిందులైన కామాలా కనబడుతుంది గానీ అది హల్లు, 13 అక్షరాల వర్ణమాలలో ఒకటి. ఇది నాకు తలకెక్కింది ఒక కార్డు చెడగొట్టాకే. కె, ఓ, యు వరసగా కొడితే ‘నీ’. ఓ తర్వాత ఒకిన పడితే ‘నా’. నేను ఒకిన వదిలేసి, పిలిచేవాళ్లు ‘నీ ఇంటికి రండి’ అంటున్నట్టు అచ్చేశాను. కార్డు చేయించుకున్నావిడ పడీపడీ నవ్వింది. కాగితం ఖర్చు మాత్రం షాపు మీద పడింది.

లేఅవుట్ నేర్చుకోవడానికి పది నిమిషాలు చాలు. మ్యాక్‌లో ఆప్షన్ నొక్కి అచ్చు కొడితే కహకో వస్తుంది. విండోస్‌లో, విండోస్ 8 నుంచి, కుడివైపు ఆల్ట్‌తో అదే పని. అపాస్ట్రఫీ కీ నొక్కితే రెండింట్లోనూ నేరుగా ఒకిన పడుతుంది.

లేఅవుట్ ఎందుకు, ఇంగ్లిష్ కీబోర్డులో కొటేషన్ గుర్తు పెడితే అచ్చులో అలాగే కనిపిస్తుంది కదా అంటారు చాలామంది. కాగితం మీద నిజమే. కంప్యూటర్‌కి మాత్రం ఆ రెండూ వేర్వేరు. ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య కేటాయించే పద్ధతి యూనికోడ్. అందులో అసలు ఒకిన స్థానం 02బిబి, అది అక్షరాల కోవలోది. కొటేషన్ స్థానం 2018, అది విరామచిహ్నం. కొటేషన్‌తో రాసిన మాట మీద రెండుసార్లు క్లిక్ చేస్తే కొన్ని సాఫ్ట్‌వేర్లలో సగమే ఎంపికవుతుంది, అసలు ఒకినతో వెతికితే దొరకకపోవచ్చు. పైగా మామూలు అపాస్ట్రఫీ కొడితే, రాత సాఫ్ట్‌వేర్ తెలివి చూపించి దాన్ని మాట మధ్యలో అటువైపు వంచేస్తుంది. 6 ఆకారంలో ఉండాల్సింది 9లా తయారవుతుంది. ఊళ్లో బోర్డుల మీద ఈ 9 కనబడితే ఇప్పుడు నా కన్ను అక్కడే ఆగిపోతుంది, వృత్తిరోగం.

అన్నిటికన్నా ఎక్కువ సమయం తినేది పాత ఫైళ్లు. యూనికోడ్ ఇంటింటికీ రాకముందు ఇక్కడి హవాయి విశ్వవిద్యాలయంలోని హలె కువామొఒ అనే హవాయి భాషా కేంద్రం ఫాంట్లలో ఒక ఉపాయం ఉండేది. జర్మన్ లాంటి భాషల్లో పైన రెండు చుక్కలుండే అచ్చుల స్థానాల్లో కహకో అచ్చుల్నీ, రెండు చుక్కల ‘వై’ స్థానంలో ఒకిననూ కూర్చోబెట్టారు. ఆ రోజులకు అది గొప్ప సాయం. ఆ ఫాంట్ లేని మెషీన్‌లో ఫైలు తెరిస్తే మాత్రం హవాయి పేరులోని చివరి రెండు ‘ఐ’ల మధ్య చుక్కల ‘వై’ ప్రత్యక్షమవుతుంది. మన డీటీపీ సెంటర్లలో పాత ఫాంటుతో కట్టిన తెలుగు పుస్తకాన్ని వేరే కంప్యూటర్‌లో తెరిచినవాళ్లకు ఈ బాధ కొత్తేం కాదు. ఆ గుర్తుల్ని వాటంతటవే మార్చిపెట్టే చిన్న ప్రోగ్రామ్, మాక్రో, ఒకటి రాసుకున్నాను. అయినా జర్మన్ ఇంటిపేర్లున్న అతిథుల జాబితా వస్తే చేత్తో చూసుకోవాల్సిందే, నిజమైన చుక్కల్నీ అది గీతలుగా మార్చేస్తుంది.

ఫోన్ గురించి పెద్దగా చెప్పడానికి లేదు, అచ్చును నొక్కిపట్టుకుంటే కహకో పైకొస్తుంది.

లేఅవుట్‌లో నన్ను విసిగించేది ఒక్కటే. ఒకిన కోసం అపాస్ట్రఫీ కీని తీసేసుకుంది కనుక, లేఅవుట్ మార్చకుండా ఇంగ్లిష్ రాస్తే ‘డోంట్’, ‘ఇట్స్’ మాటల్లో ఒకినలు పడతాయి. మ్యాక్‌లో ఆప్షన్‌తో మామూలు అపాస్ట్రఫీ వస్తుందని తెలుసు, వేళ్లకే గుర్తుండదు. పోయిన వారం కాగితాల వ్యాపారికి పంపిన ఉత్తరంలో ఏడు ఒకినలు వెళ్లాయి.