ఆటోనగర్ రేడియేటర్ షాపు: టంకం బాగుంది, కడగడమే సరిగా లేదు

విశాఖ గాజువాక ఆటోనగర్‌లో పోర్టు లారీలకీ, జనరేటర్లకీ రాగి, ఇత్తడి రేడియేటర్లు బాగుచేసి కొత్త కోర్ (నీళ్ల ట్యూబులు, వాటి మధ్య ఫిన్లనే పలచటి రేకులు ఉండే నడిమి భాగం) కట్టిచ్చే ఒక షాపు పనితనం గురించి ఇది. అతుకుల పని కళ్లు మూసుకుని అప్పగించొచ్చు. రంగు వేసే ముందు మాత్రం దగ్గరుండాలి.

బండి వేడెక్కుతోందనగానే ఇక్కడ కోర్ మార్చాలనరు. క్యాప్ రబ్బరు, థర్మోస్టాట్, ఫ్యాన్ బెల్టు చూశాకే రేడియేటర్ దించుతారు. టాప్ ట్యాంకు టంకం కరిగించి విప్పి, ఒక్కో ట్యూబులో సన్నటి రేకుబద్ద దూర్చి బోరునీళ్ల సున్నాన్ని గీకుతారు. చాలా ట్యూబుల్లో బద్ద దిగకపోయినా, ఫిన్లు వేలితో నొక్కితే పొడిలా రాలుతున్నా అప్పుడు కొత్త కోర్ మాట ఎత్తుతారు.

తగరం 63, సీసం 37 పాళ్ల టంకం 183 డిగ్రీలకే చటుక్కున నీరవుతుంది. ట్యాంకు అతుకులకి వీళ్లు వాడేది సీసం పాలు ఎక్కువున్నది. అది కాసేపు ముద్దగా ఉండి సందుల్ని నింపుతుంది. ట్యూబుల చివర్లు అతికే హెడర్ ప్లేటు దగ్గర ఒక్క లీకు మూసేటప్పుడు పక్క అతుకులు కరిగిపోకుండా తడిగుడ్డ కప్పి, చిన్న మంటతోనే పని కానిస్తారు. ఈ ఓపిక అన్నిచోట్లా దొరకదు.

టెస్టు కూడా పద్ధతిగానే ఉంది. క్యాప్ 0.9 బార్ ప్రెషర్‌దైతే 1.3 దాకా గాలి పట్టి తొట్టిలో ముంచుతారు. మొదట లేచే బుడగలు ఫిన్ల మధ్య చిక్కుకున్న గాలివి. అవి ఆగాక కూడా ఒకేచోటి నుంచి వరసగా వస్తుంటే అదే లీకు. మేస్త్రీ ఆ వరస కోసం ఎంతసేపైనా చూస్తాడు.

తేడా ఇక్కడే వస్తోంది. టంకానికి వాడే జింక్ క్లోరైడ్ ఫ్లక్స్ (అతుకు పట్టేందుకు పూసే మందు) గాలిలో తేమని లాక్కుంటుంది. విశాఖ ఉప్పుగాలి తోడైతే ఇక చెప్పక్కర్లేదు, ఫిన్ల మొదళ్లలో పచ్చగా చిలుము పుడుతుంది. వంటసోడా కలిపిన గోరువెచ్చని నీళ్లతో, తర్వాత మంచినీళ్లతో కడగాలి. వీళ్లు టెస్టు తొట్టిలో మునిగింది చాలనుకుని నల్లరంగు కొట్టేస్తారు. ఆ తొట్టి నీళ్లలో ఫ్లక్స్ ముందే కలిసి ఉంటుంది! రంగు కూడా దట్టంగా వేస్తారు. పలచటి పూత చాలు, మందమైతే వేడి బయటికి పోదు.

ఫిన్ల విషయంలోనూ వాళ్లు చెప్పిందానికి తలూపకండి. అంగుళానికి 14 ఉంటే కూలింగ్ ఎక్కువంటారు. బొగ్గు, ఇనుప ఖనిజం మోసే లారీకి అవి దుమ్ముతో పూడుకుపోతాయి, 10 ఉన్నదే నయం. కడిగేటప్పుడు నీళ్లు ఇంజన్ వైపు నుంచి బయటికి, తక్కువ ప్రెషర్‌తో కొట్టాలి.

కార్ల అల్యూమినియం రేడియేటర్లు ముట్టుకోరు, అది నిజాయితీయే. వాటి కోర్ సుమారు 600 డిగ్రీల ఫర్నేసులో బ్రేజింగ్ (ఎక్కువ వేడితో అతకడం) అయి వస్తుంది, ప్లాస్టిక్ ట్యాంకుని అంచులు మడిచి బిగిస్తారు. పగిలిన ట్యాంకుకి ఎం-సీల్ పెట్టించుకుంటే ఇంటిదాకా వస్తుందేమో, అంతే.

రేటు కోర్ సైజునీ, ట్యూబుల వరసల్నీ బట్టి ఉంటుంది. పాత కోర్ రాగికి డబ్బు తగ్గించాలి, అడక్కపోతే తగ్గించరు. మీ ఎదుటే తూయించండి. గ్యారంటీ నోటిమాటే కాబట్టి వరసల సంఖ్య, ఫిన్ల లెక్క, టెస్టు ప్రెషర్ బిల్లు మీద రాయించుకోండి.